జ్రిన్‌స్కీ వంశం ఎలా అంతరించింది?

క్రొయేషియాలోని ఈ వంశం షుబిచ్ కుటుంబానికి శాఖ. 1347లో హంగరీ రాజు లాయోష్ వారి ఆస్ట్రోవిత్సా కోటను తీసుకుని, బదులుగా జ్రిన్ కోట ఇచ్చాడు. ఇంటిపేరు అలా వచ్చింది. 1566లో సిగెత్వార్ కోటను కాపాడుతూ నికోలా జ్రిన్‌స్కీ ప్రాణాలర్పించాడు. ముట్టడిస్తున్న తురుష్కుల సుల్తాన్ సులేమాన్ కూడా అంతకు కొద్దిగా ముందే గుడారంలో కన్నుమూశాడు.

ఇంతటి వంశాన్ని కూల్చింది తురుష్కులు కాదు, ఆ వంశం కొలిచిన, ఆస్ట్రియాను ఏలే హాబ్స్‌బర్గ్ చక్రవర్తే. యుద్ధంలో గెలిచి కూడా 1664లో చక్రవర్తి తురుష్కులకు అనుకూలమైన సంధి చేసుకున్నాడని మండిపడి నికోలా మునిమనవడు పెతార్ అతనిపై కుట్రకు దిగాడు. 1671 ఏప్రిల్ 30న పెతార్‌కూ, అతని బావమరిది ఫ్రాన్ క్ర్‌స్తో ఫ్రాంకోపాన్‌కూ శిరచ్ఛేదం చేశారు. ముందురోజు భార్య కతరీనాకు రాసిన ఉత్తరాన్ని పెతార్ ‘నా ప్రియ హృదయమా’ అని మొదలుపెట్టి, దుఃఖించవద్దని వేడుకున్నాడు. చదివిన ప్రతిసారీ గుండె బరువెక్కుతుంది. ఆస్తులన్నీ జప్తయ్యాయి. అతని కొడుకు ఇవాన్ ఆంతున్ 1703లో చెరలోనే మరణించడంతో వంశం ముగిసింది.