వయోమింగ్‌లో కంపెనీ, కాలిఫోర్నియాలో పన్ను

ప్రశ్న: మాది దేవరకొండ. రిటైర్డ్ టీచర్‌ను. మా చిన్నోడు శాన్‌హోజేల ఉంటడు. గ్రీన్‌కార్డు వచ్చినంక నౌకరి ఇడిసిపెట్టి 2024ల సొంతంగా సాఫ్ట్‌వేర్ కన్సల్టింగ్ మొదలువెట్టిండు. వయోమింగ్‌ల ఇన్‌కమ్ ట్యాక్స్ లేదని దోస్తులు చెప్తే ఎల్ఎల్‌సీ (లిమిటెడ్ లయబిలిటీ కంపెనీ) అక్కడ పెట్టిండు. ఓనర్ వాడొక్కడే. ఇప్పుడు కాలిఫోర్నియా నుంచి ఏడాదికి 800 డాలర్లు కట్టుమని నోటీసు వచ్చింది. ఫెడరల్ ట్యాక్స్, కాలిఫోర్నియా ట్యాక్స్ కడుతనే ఉన్నడు. మళ్ల ఇదేంది? ఆగస్టుల డాలస్‌కు మారుతుండు. అప్పుడన్న ఇది తప్పుతదా? నోటీసు, రిటర్ను కాపీలు జతచేసిన.
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: సార్, ముందు మీరు, అమ్మ నిమ్మళంగా ఉండండి. ఇది కేసు కాదు. ఫారాలు వేసి, డబ్బు కడితే తెగిపోయే వ్యవహారం.

ఓనర్ ఒక్కడే ఉన్న ఎల్ఎల్‌సీని ఫెడరల్ ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లు విడిగా చూడరు. లాభమంతా ఓనర్ సొంత రిటర్నులో వ్యాపార లెక్క చూపే షెడ్యూల్ సిలోకే వస్తుంది. లాభం మీద పన్ను వరకు కాలిఫోర్నియాదీ అదే పద్ధతి. దాన్ని మీ అబ్బాయి కాలిఫోర్నియా సొంత రిటర్ను ఫారం 540లో కట్టేశాడు. అయితే అక్కడ వ్యాపారం చేసే ఎల్ఎల్‌సీ విడిగా ఫారం 568 వేయాలి, ఏటా 800 డాలర్లు కట్టాలి. నష్టం వచ్చిన ఏడాది కూడా ఆ 800 తప్పదు.

కంపెనీ వయోమింగ్‌ది కదా అంటారు. మీరు పంపిన షెడ్యూల్ సిలో, బిజినెస్ అడ్రస్ రాసే ‘ఇ’ గడి చూడండి. శాన్‌హోజే ఇల్లే ఉంది. పని చేసేది, బిల్లులు పంపేది ఆ ఇంట్లోనే. వయోమింగ్‌లో ఉన్నది కంపెనీ తరఫున నోటీసులు అందుకునే ఏజెంట్ అడ్రస్ ఒక్కటే. రాయచూరులో రిజిస్టర్ అయిన కారు తెచ్చి మహబూబ్‌నగర్‌లోనే ఉంచుకుని తిప్పితే, మన ఆర్టీఏ వాళ్లు లైఫ్ ట్యాక్స్ ఇక్కడ కట్టమనరా? ఇదీ అంతే.

అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులందరికీ చెబుతున్నాను. ఒక రాష్ట్రంలో ఉంటూ ఒక్కరే చేసుకునే పనికి ఎల్ఎల్‌సీ ఆ రాష్ట్రంలోనే పెట్టుకోమనండి. వేరే రాష్ట్రంలో పెడితే పన్ను తగ్గకపోగా ఖర్చు ఇంకా పెరుగుతుంది. వయోమింగ్‌కు ఏటా కనీసం 60 డాలర్లు, ఏజెంటు ఫీజు మీవాడికి అదనపు ఖర్చే.

ఇప్పుడు 2024కు, 2025కు 568 ఫారాలు వేయాలి. అసలు 1,600 డాలర్లు, పైన వడ్డీ, జరిమానా. నోటీసులో రాసిన గడువు దాటనివ్వొద్దు. బయటి రాష్ట్రపు ఎల్ఎల్‌సీగా కాలిఫోర్నియా సెక్రటరీ ఆఫ్ స్టేట్ దగ్గర నమోదు చేయించాల్సింది మొదట్లోనే. ఆగస్టులో వెళ్లిపోయే మనిషి ఇప్పుడు చేయించుకోవాలా అన్నది అక్కడి సీపీఏతో (మన సీఏ లాంటి అకౌంటెంట్‌తో) కూర్చుని తేల్చుకోవాలి. చేయించుకుంటే మాత్రం వెళ్లేటప్పుడు రద్దు కూడా చేయించాలి. లేకుంటే ఏటా 800 మీద పడుతూనే ఉంటుంది.

ఇక డాలస్ సంగతి. ఈ ఏడాది కాలిఫోర్నియాలో కొన్ని నెలలే ఉన్నాడని 800 తగ్గదు. సొంత రిటర్ను 540 బదులు, ఏడాదంతా అక్కడ ఉండనివాళ్లు వేసే 540ఎన్ఆర్ అవుతుంది. టెక్సాస్‌లో వ్యక్తిగత ఆదాయపు పన్ను లేదు. వ్యాపారాల మీద వేసే ఫ్రాంచైజ్ ట్యాక్స్ ఉంది కానీ, రాబడి 26.5 లక్షల డాలర్లు దాటనంతవరకు కట్టేదేమీ ఉండదు. ఎల్ఎల్‌సీని అక్కడ నమోదు చేయించి, ఏటా మే 15లోపు సమాచార రిపోర్టు వేస్తే చాలు.

అసలు చిక్కు వేరే ఉంది. సేవలు అందుకునే కస్టమర్ కాలిఫోర్నియాలో ఉంటే, డాలస్‌లో కూర్చుని చేసిన పనికైనా ఆ ఆదాయం కాలిఫోర్నియాదేనని వాళ్ల లెక్క. అంటే 540ఎన్ఆర్ ఏటా వేయాల్సి రావచ్చు. మొత్తం అమ్మకాల్లో కాలిఫోర్నియా వాటా 25 శాతం దాటితే ఎల్ఎల్‌సీ కూడా అక్కడ వ్యాపారం చేస్తున్నట్టే, 800 మళ్లీ మొదలు. మీవాడికి ఫోన్ చేసినప్పుడు ఇల్లు మారే సంగతి తర్వాత అడగండి. ముందు కస్టమర్లలో కాలిఫోర్నియా వాళ్లు ఎందరు, వాళ్ల బిల్లులు ఎంతవుతున్నాయి అన్న లెక్క రాసి సీపీఏకు ఇమ్మని చెప్పండి.