అడ్వాన్స్‌డ్ మైక్రోబయాలజీ ఎంత చదివినా గుర్తుండట్లేదు, ఇంకా ఎక్కువ గంటలు కూర్చోవాలా?

మొదటి కోర్సులో మంచి మార్కులే వచ్చాయి, పైకోర్సుకి వచ్చేసరికి ఎన్నిసార్లు తిరగేసినా పరీక్షలో చెయ్యి ఆడట్లేదు అన్నారు. ఇంకో రెండు గంటలు ఎక్కువ కూర్చోవాలా, రీసెర్చ్ పేపర్లు కూడా చదవాలా అని అడిగారు. గంటలు పెంచితే సరిపోదు. నేను పెంచి చూశాను, మొదటి పరీక్షలో సగం మార్కులు కూడా రాలేదు.

ఆ పరీక్షలో లాక్ ఓపెరాన్ (పాలలోని చక్కెర లాక్టోజ్‌ని బ్యాక్టీరియా వాడుకోవడానికి కావాల్సిన జీన్ల వరస) మీద ఒక ప్రశ్న వచ్చింది. నాకు ఆ బొమ్మ కళ్ళు మూసుకుని వేసేంత వచ్చు, లాక్ ఐ (ఓపెరాన్‌ని ఆపే రిప్రెసర్ ప్రోటీన్ జీన్), ఆపరేటర్ (ఆ ప్రోటీన్ పట్టుకునే డీఎన్ఏ చోటు), లాక్ జెడ్ (ఎంజైమ్ జీన్), ఏది ఎక్కడుంటుందో అన్నీ. కానీ ప్రశ్నలో బొమ్మ అడగలేదు. ఒక ఇ. కోలై బ్యాక్టీరియా మ్యూటెంట్ (డీఎన్ఏలో మార్పు వచ్చినది) లాక్టోజ్ ఉన్నా లేకపోయినా దాన్ని విడగొట్టే బీటా గెలాక్టోసిడేజ్ ఎంజైమ్ తయారుచేస్తూనే ఉంది, దానిలోకి బాగా పనిచేసే లాక్ ఐ జీన్ ఉన్న ప్లాస్మిడ్ (క్రోమోజోమ్‌కి విడిగా ఉండే చిన్న డీఎన్ఏ వలయం) పెడితే ఎంజైమ్ ఆగుతుందా లేదా అని అడిగారు. నేను ఒక పేజీ నిండా ఓపెరాన్ గురించి రాశాను గానీ జవాబు మాత్రం రాయలేదు, ఎందుకంటే నాకు తెలియదు.

జవాబు ఏమిటంటే, అసలు పాడైంది ఏది అన్నదాన్ని బట్టి ఉంటుంది. లాక్ ఐ పాడైతే ప్లాస్మిడ్ మీది మంచి జీన్ రిప్రెసర్ ప్రోటీన్ తయారుచేస్తుంది, ఆ ప్రోటీన్ కణంలో ఎక్కడికైనా వెళ్ళగలదు కాబట్టి క్రోమోజోమ్ మీది ఆపరేటర్‌ని పట్టుకుంటుంది, లాక్టోజ్ లేనప్పుడు ఎంజైమ్ ఆగిపోతుంది. ఆపరేటర్ పాడైతే ఎంత రిప్రెసర్ ఉన్నా పట్టుకోవడానికి చోటే లేదు, ఎంజైమ్ ఆగదు. ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు జాకబ్, మోనో ఇద్దరూ 1961లో ఓపెరాన్ సిద్ధాంతం ప్రకటించింది ఇలాంటి ఆలోచనతోనే. అంటే మనం బట్టీ పట్టే బొమ్మ ముందు లేదు, మ్యూటెంట్లు ముందున్నాయి, వాటి ప్రవర్తనకి ఒక వివరణగా ఆ బొమ్మ పుట్టింది. ఇది అర్థమైన రోజు నుంచి నేను చదివే పద్ధతే మారిపోయింది.

ఇప్పుడు ఏ టాపిక్ తీసినా రెండు ప్రశ్నలు వేసుకుంటాను: ఇది ఎలా తెలిసింది? ఇందులో ఒక ముక్క పాడైతే ఏం కనిపిస్తుంది? మ్యూటేషన్లు యాదృచ్ఛికంగా వస్తాయని అందరం ఒక వాక్యం రాసేస్తాం. లూరియా, డెల్బ్రూక్ అనే శాస్త్రవేత్తలు 1943లో దాన్ని ఎలా చూపించారో చదవండి. బ్యాక్టీరియాని ఒకే పెద్ద ఫ్లాస్కులో కాకుండా చాలా చిన్న చిన్న కల్చర్లుగా విడివిడిగా పెంచి, ఒక్కోదాన్నీ ఫేజ్ (బ్యాక్టీరియాని చంపే వైరస్) పూసిన ప్లేట్ మీద వేశారు. ఫేజ్ తగిలాకే నిరోధకత పుడుతుందంటే అన్ని ప్లేట్లలోనూ దాదాపు ఒకే సంఖ్యలో కాలనీలు రావాలి. అలా రాలేదు. కొన్నిట్లో ఒక్కటీ లేదు, కొన్నిట్లో చాలా ఎక్కువ. ఫేజ్ తగలకముందే, కల్చర్ పెరుగుతున్నప్పుడే ఎప్పుడో ఒక కణంలో మ్యూటేషన్ వచ్చి ఆ కణం సంతానం పెరిగిందన్నమాట. ఎంత తొందరగా వస్తే అన్ని ఎక్కువ కాలనీలు. అది మొదటిసారి అర్థమైనప్పుడు పుస్తకం మూసేసి కాసేపు అలాగే కూర్చున్నాను, అంత బాగుంటుంది ఆ ఆలోచన.

యాంటీబయాటిక్స్ కూడా ఇంతే. పేర్ల పట్టిక వదిలేసి, మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా మీద పెన్సిలిన్ ఎందుకు పనిచేయదో అడగండి. పెన్సిలిన్ దెబ్బతీసేది కణకవచం (సెల్ వాల్) కట్టే పనిని, మైకోప్లాస్మాకి ఆ కవచమే లేదు. మెటబాలిజం దగ్గర నాకు పనికొచ్చింది ఒకటే, ఎలక్ట్రాన్ ఎవరు ఇస్తున్నారు, ఎవరు తీసుకుంటున్నారు అని చూడటం. సల్ఫేట్ తీసుకునే బ్యాక్టీరియా ఉన్నచోట కుళ్ళిన గుడ్ల వాసన ఎందుకొస్తుందో దానితోనే తెలుస్తుంది, ఆ సల్ఫేటే ఎలక్ట్రాన్లు తీసుకుని చివరికి హైడ్రోజన్ సల్ఫైడ్ అవుతుంది.

ల్యాబ్‌ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. నేను సీరియల్ డైల్యూషన్ (కల్చర్‌ని ఒక్కో ట్యూబులో పదేసి రెట్లు పలచన చేస్తూ పోవడం) చేసినప్పుడు ఒక ప్లేట్‌లో 240 కాలనీలు వచ్చాయి, దాని తర్వాతి దాంట్లో 24 దరిదాపుల్లో రావాలి కదా, 90 వచ్చాయి. ఒకే పిపెట్ టిప్‌తో అన్ని ట్యూబులూ కలిపేశాను, టిప్ లోపల అంటుకున్న కణాలు కింది ట్యూబులోకి వెళ్ళిపోయాయి. లెక్క తప్పిందని కొట్టేసి మళ్ళీ రాయకుండా ఎందుకు తప్పిందో నోట్‌బుక్‌లో రాసుకోవడం వల్లే డైల్యూషన్ లెక్కలు నాకు వచ్చాయి. పది లక్షల వంతు పలచన చేసిన దాన్ని 0.1 మిల్లీలీటర్ వేస్తే 84 కాలనీలు వచ్చాయనుకోండి, అసలు కల్చర్‌లో మిల్లీలీటర్‌కి 84 కోట్లు. ఇది క్యాలిక్యులేటర్ లేకుండా చేయగలిగేదాకా చేయండి. ఇంకోటి, ఏమీ కలపని కంట్రోల్ ప్లేట్ పెట్టకుండా ఏ ప్రయోగమూ మొదలుపెట్టొద్దు. దాని మీద కాలనీ వస్తే మిగతా ప్లేట్లన్నిటినీ అనుమానించాల్సిందే.

మీకు జెనెటిక్స్, బయోకెమిస్ట్రీ బేసిక్స్ సరిగ్గా లేకపోతే ముందు రెండు వారాలు అవి చూసుకోండి, అవి లేకుండా ఈ సబ్జెక్ట్‌తో కుస్తీ పడితే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

ఇక రీసెర్చ్ పేపర్ల సంగతి. చదవాలి, కానీ వారానికి ఒకటి చాలు. మొదటి నుంచి చివరిదాకా చదవకండి. బొమ్మలు ముందు చూడండి, ఒక్కో బొమ్మ కింద కంట్రోల్ ఏదో వెతకండి, ఆ బొమ్మ నుంచి మీకేం అనిపిస్తోందో ఒక వాక్యం రాసుకుని, ఆ తర్వాతే రచయితలు ఏమన్నారో చూడండి. మొదట్లో నాకు ఒక పేపర్‌కి మూడు సాయంత్రాలు పట్టేది, మీకూ అలాగే పడితే కంగారు పడకండి.