ఒక రోజు చెప్పుల్లేకుండా తిరిగితే పేద పిల్లలకు ఒరిగేదేంటి?

నేరుగా ఏమీ ఒరగదు. 2008లో టామ్స్ అనే అమెరికా బూట్ల కంపెనీ ‘వన్ డే వితౌట్ షూస్’ (ఒక రోజు చెప్పుల్లేకుండా) అనే ఈ కార్యక్రమాన్ని మొదలుపెట్టింది, చెప్పులు లేని పిల్లల సంగతి జనానికి గుర్తుచేయడానికి (వాళ్ల బూట్లకు ప్రచారం కూడా అయిందనుకోండి). మా విజయనగరంలో వట్టికాళ్లతో నడిస్తే ఎవరూ ఆశ్చర్యపోరు, ఏదో మాల వేసుకున్నారనుకుంటారు, కాబట్టి ఎందుకు నడుస్తున్నారో నోరు విప్పి చెప్పాల్సిందే.

అసలు సమస్య ముల్లు గుచ్చుకోవడం కాదు. జనం బహిర్భూమికి వెళ్లే చోట తడి మట్టిలో కొంకి పురుగు (హుక్‌వార్మ్) పిల్లలుంటాయి, అవి అరికాలి చర్మంలోంచి దూరి, రక్తంతో పాటు ఊపిరితిత్తులకు, అక్కడినుంచి గొంతులోకి, చివరికి పేగుల్లోకి చేరి రక్తం పీలుస్తాయి. పిల్లాడు పాలిపోయి బళ్లో కునికిపాట్లు పడుతుంటే మనం బద్ధకం అనుకుంటాం. 2015 నుంచి నులిపురుగుల నివారణ దినం పేరుతో బడుల్లో, అంగన్‌వాడీల్లో ఈ పురుగుల్ని కూడా చంపే ఆల్బెండజోల్ మాత్ర ఇస్తున్నారు. మంచిదే, కానీ మళ్లీ అదే మట్టిలో తిరిగితే మళ్లీ పడతాయి. చెప్పులతో పాటు మరుగుదొడ్డీ కావాలి.

నడుస్తానంటే నడవండి, ఎండాకాలం మధ్యాహ్నం తారురోడ్డు మీద మాత్రం వద్దు, బొబ్బలెక్కుతాయి. ఆ తర్వాత ఎవరికైనా చెప్పులు కొనిద్దామనుకుంటే ముందు పాదం కొలత తీసుకోండి, సైజు కుదరని జత మూలన పడుంటుంది.