కొండచిలువ కాటేస్తుందా?

సందేహం: మా కాలనీ చివర ఒక మేకపిల్లను కొండచిలువ పట్టుకుంది. వాట్సాప్ గ్రూపులో ఒకరు ‘కాటేసింది’ అని, ఇంకొకరు ‘ఎముకలు విరిచి నమిలేసింది’ అని రాశారు. ఏది సరైన వాడుక? పాము గుడ్లను ‘పొదుగుతుంది’ అనవచ్చా? పొదగడం పక్షులకే కదా!
– ఒక పాఠకురాలు, రాజేంద్రనగర్, హైదరాబాద్

సమాధానం: ‘నమిలేసింది’ పూర్తిగా తప్పమ్మా. కొండచిలువ పళ్లు వెనక్కి వంగి ఉంటాయి. దొరికినదాన్ని జారిపోకుండా పట్టడానికే తప్ప నమలడానికి పనికిరావు. కింది దవడ రెండు భాగాలూ ముందువైపు అతుక్కుపోకుండా విడివిడిగా కదులుతాయి. ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క జరుపుకుంటూ తలకంటే పెద్ద జంతువును కూడా లోపలికి లాక్కుంటుంది. అది మింగడమే. దీని సంస్కృత నామం ‘అజగరం’ అంటేనే మేకను మింగేది.

‘కాటేసింది’ వ్యాకరణం ప్రకారం తప్పు కాదు, కుక్కకాటు అంటున్నాం కదా. కానీ పాము పక్కన కాటు అనగానే చదివేవాళ్లకు విషం గుర్తొచ్చి టెన్షన్ మొదలవుతుంది. కొండచిలువకు విషం లేదు. పైగా కాటు అంటే వేసి వదిలేసేది. ఇది మేకపిల్లను పట్టిందంటే వదలదు, చుట్టేస్తుంది. కాబట్టి ‘పట్టి చుట్టేసింది’ అనండి.

ఎముకలు విరవడం కూడా దాని పద్ధతి కాదు. ఊపిరాడనివ్వకుండా చంపుతుందని చాలాకాలం అనుకున్నారు. ఇలాగే చుట్టి చంపే బోవా పాములపై 2015లో వచ్చిన పరిశోధనలో, చుట్టుకున్న కొన్ని సెకన్లలోనే ఎలుక రక్తపోటు పడిపోయి, రక్తప్రసరణ దెబ్బతింటున్నట్టు తేలింది. అందుకని ‘బిగించి చంపింది’ అంటే చాలు, ఏ వాదంతోనూ పేచీ రాదు. ‘మేకపిల్లను పొట్టన పెట్టుకుంది’ అని ఏ విలేకరైనా రాస్తే మాత్రం నేను దిద్దను. ఆ జాతీయం అక్షరాలా నిజమయ్యే చోటు ఇంకెక్కడ దొరుకుతుంది?

ఇక పొదగడం. చాలా పాములు గుడ్లు పెట్టి తమ దారిన పోతాయి, వాటికి ఆ మాట నప్పదు. ఆడ కొండచిలువ అలా కాదు. గుడ్ల చుట్టూ చుట్టలు చుట్టుకుని దాదాపు రెండు నెలలు అక్కడే ఉంటుంది. చలిగా ఉన్నప్పుడు కండరాలను వణికించి ఒంట్లో వేడి పుట్టిస్తుంది, ఆ వేడి గుడ్లకు అందుతుంది. నిస్సందేహంగా ‘పొదుగుతుంది’ అని రాయండి.