చప్పుడు విని ఆగిన చెయ్యి

ప్రశ్న: నమస్కారం సార్. మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. తాత పని కోసం కువైట్‌లో ఉన్న ఏళ్లలో మా జేజి ఒక పాట కట్టుకుంది. ఇప్పటికీ రాగులు విసిరేటప్పుడు అదే పాడుతుంది. మొదటి చరణంలో సైకిల్ గంట మోగితే ఉత్తరం వచ్చిందనుకుంటుంది. రెండో చరణంలో మిట్టమధ్యాహ్నం గొళ్ళెం కదులుతుంది, మనిషే వచ్చాడనుకుంటుంది. తీరా చూస్తే మేక తలుపుకు ఒళ్ళు రుద్దుకుంటూ ఉంటుంది. మూడో చరణంలో రాత్రి ఆఖరి బస్సు ఊళ్ళో ఆగకుండానే పోతుంది. ఈ పాటకు బొమ్మ వేసి కాలేజీ పత్రికకు ఇవ్వాలని ఆశ. నీలం రంగు రాత్రి, పైన చందమామ, మోకాళ్ళలో తల పెట్టుకున్న ఆడమనిషి, ఇట్లా నాలుగుసార్లు వేశాను. అందరూ బాగుందన్నారు. జేజి మాత్రం "ఎవురే ఈమె?" అని అడిగింది. అప్పటినుంచి కుంచె పట్టాలంటే టెన్షన్. ఎక్కడ తప్పు చేస్తున్నాను? పాట మాటలు కూడా బొమ్మ మీద రాయాలా?

జవాబు: ఈ ఉత్తరం మూడుసార్లు చదివానమ్మా. మీ జేజి పాట వినాలనిపించింది.

నువ్వు రాసిన మూడు చరణాల్లో ఆమె ఎక్కడా ఏడవలేదు, గమనించావా? మోకాళ్ళలో తలా పెట్టుకోలేదు. మూడుసార్లూ చప్పుడు విన్నది, అంతే. రాగులు విసరాలి, మేకలకు మేత వేయాలి, సంగటి కెలకాలి. ఆ పనుల మధ్య చెవి మాత్రం తలుపు దగ్గరే ఉంది. నువ్వు వేసిన ఆమెకు పనీ లేదు, చెవీ లేదు. అందుకే జేజి గుర్తుపట్టలేదు.

ఈ తప్పు నేనూ చేశాను. కొత్తలో ఒక కథకు బొమ్మ అడిగారు. కొడుకు కోసం బస్టాండులో కూర్చున్న ముసలాయన కథ అది. ఆయన చెంపల మీద కన్నీళ్ళు పెట్టి ఇచ్చాను. సంపాదకుడు వెనక్కి ఇచ్చేస్తూ "ఈయన ఏడవడం లేదయ్యా, బస్సుల బోర్డులు చదువుతున్నాడు" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ బొమ్మ మొదలుపెట్టే ముందు గుర్తు చేసుకుంటాను.

కాబట్టి ఈసారి జేజి విసిరేటప్పుడు పుస్తకం, పెన్సిల్ పట్టుకుని ఆమె పక్కన కూర్చో. ముఖం చూడొద్దు, చేతులు చూడు. కుడిచెయ్యి పిడి తిప్పుతుంది, ఎడమచెయ్యి గుప్పెడు రాగులు తీసి రాయి నోట్లో పోస్తుంది. బయట ఏదైనా చప్పుడైతే ఆ రెండు చేతులూ ఏం చేస్తాయో కనిపెట్టు. పిడి సగం తిరిగి నిలిచిపోతుందా? గుప్పిట సగం తెరుచుకుని ఉండిపోతుందా? నీ బొమ్మ ఆ క్షణంలో ఉంది.

ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మలు చూశావా? చూడకపోతే ఒకసారి పోయి చూసి రా. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును పలచగా చేసి, చెక్కి, రంగులు వేసి, వెనక నుంచి వెలుగు పెట్టి ఆడిస్తారు. అశోకవనంలో సీతమ్మ బొమ్మనే తీసుకో. తోలు మీద ఒకసారి గీసిన కన్ను ఆట అయిపోయేదాకా అదే కన్ను. పెదవి కదలదు, కన్నీరు జారదు. ఆమె దుఃఖమంతా చేతి కీళ్ళ దగ్గర, మెడ వంపు దగ్గర పలకాలి. నాకు చెయ్యి గీయడం నేర్పింది ఆ బొమ్మలే.

ఇక మూడు చప్పుళ్ళూ ఒకే బొమ్మలో పెట్టాలని చూడకు. పాట ఒకదాని తర్వాత ఒకటి చెప్పగలదు, కాగితానికి ఆ వీలు లేదు. నేనైతే గొళ్ళెం తీసుకుంటాను. సైకిలూ బస్సూ వీధిలో పోయేవి, గొళ్ళెం ఇంటిదే. జేజిని కాగితం కింద కుడి మూలకు, చిన్నగా, పక్కకు తిరిగినట్టు పెట్టు. కొంగు చెవి వెనక్కి జరిగి ఉండాలి, కమ్మ కనిపించాలి. ఎడమవైపు మూసిన తలుపు. మధ్యలో ఖాళీ నాపబండలు. తలుపు కింది సందులో మేక కాళ్ళు నాలుగూ వెయ్యి. చూసేవాళ్ళకు అవి కనిపిస్తాయి, ఆమెకు ఇంకా తెలియదు.

నీలం వదిలేయమ్మా. చందమామ, నీలం వేరే ఎవరి ఒంటరితనానివో. మన సీమలో మధ్యాహ్నం రెండు గంటలకు వీధిలో కుక్క కూడా తిరగదు. అప్పుడు ఇంట్లో ఒక్కరే ఉంటే ఎట్లుంటుందో నీకు చెప్పక్కర్లేదు. మీ చరణమే మిట్టమధ్యాహ్నం అంటోంది. ఎండ పడేచోట కాగితాన్ని తెల్లగానే వదిలెయ్యి, తెల్లరంగు పూయకు. నీడకు ట్యూబులోని నలుపు వాడితే బొమ్మ చచ్చిపడినట్టు ఉంటుంది. బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమరంగులో కొంచెం అల్ట్రామెరైన్ అనే ముదురు నీలం కలుపు, నాపబండ రంగుకు దగ్గరి బూడిద వస్తుంది. నీళ్ళరంగులైతే 300 జీఎస్‌ఎమ్ (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు) మందపాటి కాగితం కొను, పలచటిది ముడతలు పడుతుంది. ముందు అగ్గిపెట్టెంత సైజులో పది చిన్న బొమ్మలు గీసుకో. తలుపుకూ జేజికీ మధ్య ఎంత ఖాళీ ఉంటే గుండె పట్టేస్తుందో వాటిలోనే తేలిపోతుంది.

మాటల సంగతి. బొమ్మ మీద రాయొద్దు, చరణాన్ని బొమ్మ కింద వేరుగా వేయమను. సినిమా పాటైతే ఇంకో జాగ్రత్త కూడా చెప్పేవాణ్ణి. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రాసినవారు పోయాక కూడా 60 ఏళ్లు హక్కులుంటాయి, అనుమతి లేకుండా అచ్చు వేయకూడదు. ఈ పాట మీ జేజిది. ఆమె ఒప్పుకుంటేనే ఇవ్వు, పాట కట్టింది ఆమేనని పేరు వేయించు.

కాలేజీకి ఇచ్చే ముందు బొమ్మ జేజికి చూపించు. మేక కాళ్ళు చూసి ఆమె ఏమందో నాకు తప్పకుండా రాయి.