ఫోన్ పెట్టేయకు, పక్కన పెట్టుకో

అమ్మాయీ,

నువ్వెళ్లి నెల దాటింది. రోజూ ఫోన్ చేస్తున్నావట, సంతోషం. కానీ మీ అమ్మ "అయిదు నిమిషాలకే మాటలైపోతున్నాయక్కా" అని దిగులుపడింది. అందుకే ఈ ఉత్తరం.

నేను దేశం దాటినప్పుడు మాకున్నది ఏరోగ్రామ్. రాసే కాగితమూ అదే, మడిస్తే కవరూ అదే. చోటు చాలక అమ్మమ్మ కాగితం తిప్పుతూ అంచుల వెంట రాసేది. నేను జ్వరమని రాస్తే, జాగ్రత్తలు చెబుతూ జవాబు వచ్చేసరికి జ్వరం తగ్గి వారాలయ్యేది. ఫోన్ మాట శాటిలైట్ మీదుగా, దాదాపు 36 వేల కిలోమీటర్లు పైకెక్కి దిగాలి. నా మాట చేరి జవాబు రావడానికి అర సెకను పట్టేది. ఇద్దరం ఒకేసారి మొదలుపెట్టి, ఒకేసారి ఆగిపోయేవాళ్లం. ఆ కాస్త మౌనానికీ బిల్లే.

తర్వాత సముద్రం అడుగున ఫైబర్ కేబుళ్లు, 2003లో స్కైప్, 2016లో వాట్సాప్ వీడియో కాల్. తాతయ్య వీడియో కాల్‌లోనూ ఫోన్ చెవికి ఆనించుకునేవాడు. తెర నిండా ఆయన చెవే. నేను అలాగే చూస్తూ కూర్చునేదాన్ని.

నిమిషాలకు లెక్క లేని కాలం నీది. మాటల కోసం వెతుక్కోకు. ఫోన్ గోడకు ఆనించి బట్టలు మడతపెట్టుకో. అవతల మీ అమ్మ తన పని తను చేసుకుంటుంది. "ఆ చొక్కా ఎప్పుడు కొన్నావే?" అని తనే అడుగుతుంది. నీరసంగా ఉన్న రోజు కెమెరా ఆపేసి, నెట్ బాగాలేదని మాత్రం చెప్పకు. ఆ అబద్ధం గొంతులో తెలిసిపోతుంది, ఆ రాత్రి తనకు నిద్రుండదు.

చలికాలం ముందు గడియారాలు గంట వెనక్కి జరిపే దేశమైతే, ఆ సంగతి ముందే చెప్పు. లేకపోతే నీ ఫోన్ రావాల్సిన వేళకు రాక ఆ గంటసేపూ కంగారుపడుతుంది.

ఇంకొకటి. వాయిస్ మెసేజ్‌లు యాప్‌లోనే ఉంటాయిలే అనుకోకు. అంత పేరున్న స్కైపే 2025 మేలో మూతపడింది. పాత ఫోన్ పాడైనప్పుడు తాతయ్య మెసేజ్‌లన్నీ పోయాయి నాకు. మిగిలింది పదకొండు సెకన్లది ఒక్కటే. అందులో ఆయన "ఫోన్ సరిగ్గానే పట్టుకున్నానా అమ్మా?" అని అడుగుతాడు. మీ అమ్మ పంపినవి ఈ ఆదివారమే వేరేచోట కాపీ చేసి పెట్టుకో.

మీ పెద్దమ్మ