అనంతపురం ఎండలకు రైజెన్ 5 5600కి 120 ఎంఎం లిక్విడ్ కూలర్ కొనొచ్చా?

రైజెన్ 5 5600 ప్రాసెసర్‌తో పాటు వచ్చిన చిన్న కూలరే వాడుతున్నానని, మేడ మీది గదిలో వీడియో రెండర్ పెడితే 90 డిగ్రీలు తాకుతోందని, చవక 120 ఎంఎం లిక్విడ్ కిట్ (పంపుతో నీళ్లు తిప్పి, రేడియేటర్ అనే రెక్కల పలకలో వాటిని చల్లార్చేది) తీసుకోవచ్చా అని అడిగారు. వద్దండి. అదే డబ్బుకు మంచి టవర్ ఎయిర్ కూలర్ (నిలువు లోహపు రెక్కలకు ఫ్యాన్ తగిలించినది) వస్తుంది, ఇంకా మిగులుతుంది కూడా.

నేను కర్నూలులో రైజెన్ 7 5800ఎక్స్‌కి 240 ఎంఎం కిట్ వాడుతున్నాను, బాగానే ఉంది. కానీ ఆ ప్రాసెసర్ ఫుల్ లోడ్‌లో 142 వాట్ల దాకా లాగుతుంది. మీది మామూలు సెట్టింగుల్లో 76 వాట్ల దగ్గర ఆగుతుంది. ఆ వేడికి టవర్ కూలర్ ధారాళంగా సరిపోతుంది. 120 ఎంఎం రేడియేటర్ అంతకంటే పెద్దగా పొడిచేదేమీ లేదు.

అసలు సంగతి గది వేడి. గదిలో 40 ఉంటే ఏ కిట్టూ నీళ్లను అంతకన్నా కిందికి దించలేదు. గది ఎన్ని డిగ్రీలు పెరిగితే ప్రాసెసర్ కూడా దాదాపు అన్ని డిగ్రీలు పెరుగుతుంది. మన దగ్గర స్లాబు పగలంతా కాగి, రాత్రి పది దాటినా సెగ కక్కుతూనే ఉంటుంది కదా. అందుకే మే నెలలో పెద్ద రెండర్లు నేను తెల్లవారుజామునే పెడతాను. షాపులో ఐదు నిమిషాల టెస్ట్ చూపిస్తే నమ్మొద్దు. నీళ్లు పూర్తిగా వేడెక్కడానికి టైమ్ పడుతుంది, అరగంట లోడ్ ఇచ్చి చూస్తేనే నిజం తెలుస్తుంది.

రెండోది దుమ్ము. వేసవి మొదట్లో ఫ్యాన్లు విప్పితే రేడియేటర్ రెక్కలకు, ఫ్యాన్‌కు మధ్య దుమ్మూ నూగూ కలిసి బూడిదరంగు గుడ్డ పరిచినట్టు ఉంటుంది. ఒక మూల గోటితో లేపితే పొరంతా ఊడొస్తుంది. బయటి నుంచి చూస్తే ఏమీ కనపడదు. టవర్ కూలరైతే ఫ్యాన్ క్లిప్ తీసి బ్రష్‌తో దులిపేస్తే అయిపోతుంది. ఫ్యాన్ పోయినా ఇంకోటి తగిలించుకోవచ్చు. చవక కిట్‌లో పంపు పోతే మొత్తం మార్చాల్సిందే, వారంటీ ఉన్నా అది తిరిగొచ్చేదాకా మీ పని ఆగిపోతుంది. ఎడిటింగ్ మీదే బతికేవాళ్లకు ఆ టెన్షన్ ఎందుకండీ?

రేపు పెద్ద ప్రాసెసర్‌కు మారితే మాత్రం 240 ఎంఎం చూడండి. రేడియేటర్‌ను క్యాబినెట్ పైకప్పుకు బిగించండి, పంపు దానికన్నా కింద ఉండాలి. లేకపోతే గాలి బుడగలు పంపులో చేరి గరగరమంటుంది. పంపు వైరును మదర్‌బోర్డులో ఎప్పుడూ ఫుల్ స్పీడ్‌లో తిరిగేలా పెట్టండి.

ఇప్పటికైతే ప్రాసెసర్‌కు, కూలర్‌కు మధ్య ఉండే పాత థర్మల్ పేస్ట్ తుడిచి కొత్తది వేయండి, క్యాబినెట్‌ను గోడకు జానెడు ఎడంగా జరపండి. రూమ్ కూలర్ తుంపరలు దాని మీద పడకుండా చూసుకోండి. బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల్లో) పీపీటీని, అంటే ప్రాసెసర్ లాగే కరెంటు పరిమితిని, 60 వాట్లకు దించి ఒక రెండర్ పెట్టి చూడండి. టైమ్ కొద్దిగానే పెరుగుతుంది, వేడి మాత్రం బాగా తగ్గుతుంది. అప్పుడు కూడా 85 దాటుతుంటే టవర్ కూలర్ కొనండి.